రాత్రి తొమ్మిదిన్నరకు ఆ వీధి

ఇంజనీరింగు సీట్లు ఖాయమై, కంపెనీల ఆఫర్ లెటర్లు చేతికందే నెలల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా బస్టాండ్లు చక్రాల సూట్‌కేసులతో నిండిపోతాయి. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు వాళ్లకు చెన్నై దగ్గర. పీలేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, కడప, నెల్లూరు జిల్లాల నుంచి ఇంకెందరో తిరుపతికే వస్తారు. 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, వాటితోపాటు పెరిగిన కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు ఈ ఊరిలో సగం మిద్దెలను హాస్టళ్లుగా మార్చేశాయా అనిపిస్తుంది. వెళ్లేది ఎవరైనా, ఎక్కడికైనా, ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఏరియా మంచిదేనా?" అక్కడ ముందే ఉన్న పెదనాన్న కొడుకో, ఇల్లు చూపించిన బ్రోకరో "మంచి ఏరియానే, ఏం భయం లేదు" అంటాడు. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఆ ప్రశ్న పుట్టేది ప్రేమలోంచే, సందేహం లేదు. దాని జవాబు మీదే నాకు నమ్మకం లేదు. ఒక ఇంట్లో క్షేమంగా ఉంటామా లేదా అన్నది ఏరియా పేరు చెప్పలేదు. ఆ ఇంటికి చేరే దారి, ఆ దారిలో మనం నడిచే వేళ, వాన పడితే నీళ్లు పోయే వాలు, తాళం చెవి ఎవరి చేతిలో ఉందన్న సంగతి, ఇవి చెబుతాయి. వీటిలో ఏ ఒక్కటీ బ్రోకరు నోట రాదు. అన్నీ మన కంటితో చూడగలిగినవే.

"మంచి ఏరియా" అన్న మాటను విప్పి చూస్తే అందులో భద్రత పాలు చాలా తక్కువ. బాడుగలు ఎక్కువ, పెద్ద ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్నారు, "మనవాళ్లు" ఉంటారు. ఈ మూడూ కలిస్తే ఆ పేరు వస్తుంది. మనవాళ్లంటే ఎవరో విడమరచి చెప్పనక్కర లేదు. టు-లెట్ బోర్డు కింద "శాకాహారులకు మాత్రమే" అని చిన్న అక్షరాల్లో రాసేది చాలాచోట్ల తిండి పేరు చెప్పి కులాన్ని అడగడానికే. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో బాడుగ ఇళ్ల కోసం ఫోన్లు చేయించి, మనుషులను పంపి, 2015లో ఫలితాలు ప్రకటించారు. పేరు విన్నాక దళితులకు, ముస్లింలకు ఇల్లు లేదనడమో, ఎక్కువ బాడుగ చెప్పడమో, లేని షరతులు పెట్టడమో జరిగింది. అంటే "మంచి" అన్న ముద్ర ఎవరిని లోపలికి రానిచ్చారో చెబుతుందే గాని, లోపల ఉన్నవాళ్లు ఎంత క్షేమంగా ఉన్నారో చెప్పదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. కూలీలు, ఆటో డ్రైవర్లు, మునిసిపాలిటీ కార్మికులు ఉండే కాలనీకి "అది మంచి ఏరియా కాదు" అన్న ముద్ర ఊరికే పడిపోతుంది. అమెరికాలోని చికాగోలో 343 పేటల్లో 8,782 మందిని కలిసి ముగ్గురు పరిశోధకులు చేసిన పని 1997లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఒక పేటలో ఇరుగుపొరుగు ఒకరినొకరు నమ్మడం, వీధిలో ఏదైనా తప్పు జరుగుతుంటే కలగజేసుకోవడం ఎంత ఎక్కువ ఉంటే అక్కడ హింస అంత తక్కువగా ఉందని వాళ్లు తేల్చారు. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. గోడలు ఎత్తుగా ఉండి, పక్కింటి మనిషి పేరు పక్కింటికే తెలియని ఖరీదైన లే అవుట్ కంటే, పంపు దగ్గర పోట్లాడుకుంటూ కలిసి బతికే వీధి క్షేమంగా ఉండడం అసాధ్యమేమీ కాదు.

పేరును నమ్మవద్దంటే పోలీసు లెక్కలు చూడొచ్చు కదా అనేవారున్నారు. చూడొచ్చు, కానీ అవి ఏం కొలుస్తున్నాయో తెలుసుకుని చూడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే నివేదికలో 20 లక్షల జనాభా దాటిన 19 మహానగరాలకు వేరే పట్టికలు ఉంటాయి. వాటిలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు కనిపిస్తాయి. కానీ అవి నగరం మొత్తానికి లెక్కలు, వీధికి కావు. పైగా నేరాలు పెరగడం వేరు, నేరాలను నమోదు చేయడం పెరగడం వేరు అని ఆ బ్యూరోనే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఫిర్యాదు తీసుకునే స్టేషను పరిధిలో కేసులు ఎక్కువ కనిపిస్తాయి, రాజీ కుదిర్చి పంపించే స్టేషను పరిధి ప్రశాంతంగా కనిపిస్తుంది. తిరుపతి విషయంలో ఇంకో చిక్కుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ నగరంలో ఉండేవాళ్లు మూడు లక్షల లోపు. కొండకు వెళ్లే యాత్రికులు మామూలు రోజుల్లోనే అరవై, డెబ్బై వేల మంది. బస్టాండులో యాత్రికుడి పర్సు పోతే ఆ కేసు ఊరి ఖాతాలో పడుతుంది, ఆ యాత్రికుడు మాత్రం ఊరి జనాభాలో ఉండడు. అలాంటి లెక్క పట్టుకుని కొర్లగుంటలోనో భవానీ నగర్‌లోనో ఇల్లు తీసుకునే మనిషి తన భయాన్ని ఎలా కొలుచుకుంటాడు? సుప్రీంకోర్టు 2016లో ఎఫ్ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైటులో పెట్టమంది. అయితే లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. బాధితురాలి గోప్యత కోసం అది న్యాయమే. ఆడపిల్ల కోసం ఇల్లు వెతికే తండ్రికి అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన సమాచారం మాత్రం ఆ జాబితాలో ఉండదు.

అసలు మనల్ని గాయపరిచేదేమిటి, మనం భయపడేదేమిటి అన్న లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మందని కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పింది. వారిలో నడిచి వెళుతున్నవాళ్లే 32,825 మంది. దేశంలో హంతకుల చేతిలో కంటే రోడ్డు దాటుతూ, రోడ్డంచున నడుస్తూ పోయిన ప్రాణాలు ఎక్కువ. కొత్త నగరంలో కొడుకు కత్తిపోట్లకు గురవుతాడేమోనని కలవరపడే తల్లి, బాడుగ రెండు వేలు తక్కువని ఆఫీసుకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఇల్లు తీసుకుని రోజూ బైకు మీద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ఏర్పాటుకు మాత్రం సంతోషంగా ఒప్పుకుంటుంది. రోడ్డు మీద చనిపోయినవారిలో నూటికి నలభై నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవాళ్లే. ఆడపిల్లల విషయంలోనూ భయం చూపు ఒకవైపే. నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో అత్యాచారం కేసుల నిందితులు నూటికి తొంభై మందికి పైగా బాధితురాలికి తెలిసినవారే: బంధువు, స్నేహితుడు, పొరుగువాడు, పనిచేసే చోటి మనిషి. దారిలో ఎదురయ్యే అపరిచితుడి వేధింపు స్టేషను దాకా రాదు కాబట్టి ఈ లెక్క కొంత ఒకవైపుకు వంగి ఉందన్న అభ్యంతరం సరైనదే. అయినా అది చెప్పే మాట కొట్టివేయలేనిది. వీధి చివర అపరిచితుడిని ఊహించుకుంటూ, డూప్లికేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అడగడం మరిచిపోతున్నాం.

ఇక దారి సంగతి. 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి అమెరికన్ నగరాల మీద రాసిన పుస్తకంలో ఒక మాట చెప్పింది: వీధిని కాపాడేది ప్రధానంగా పోలీసులు కారు, ఆ వీధి మీద సొంత పనుల్లో ఉంటూ ఓ కన్ను వేసి ఉంచే మామూలు మనుషులు. ఈ సంగతి చిత్తూరు జిల్లావాళ్లకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సినంత కొత్తదేమీ కాదు. మలుపులో టీ బంకు, దాని పక్కన ఇస్త్రీ బండి, సాయంత్రం నుంచి దోసెలు పోసే బండి, మెట్ల మీద కూర్చుని పూలు కట్టే అవ్వ. వీళ్లకు వీధిలో ఎవరు ఏ ఇంటివాళ్లో తెలుసు. కొత్త ముఖం రెండోసారి అటూ ఇటూ తిరిగితే "ఎవరు కావాల?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జీతం లేదు. ఏ సీసీ కెమెరా ఆ ప్రశ్న అడగదు. తిరుపతిలో లీలామహల్ కూడలి, బస్టాండు చుట్టుపక్కల వీధులు రాత్రి రెండింటికి కూడా పూర్తిగా నిద్రపోవు. ఊరి అంచున కరకంబాడి రోడ్డు వైపో, తిరుచానూరు దాటాకనో వేసిన కొత్త లే అవుట్లలో చక్కటి ముప్పై అడుగుల రోడ్లు ఉంటాయి, రెండు ఇళ్ల మధ్య నాలుగు ఖాళీ స్థలాలు ఉంటాయి, ఎనిమిది దాటితే అలికిడి ఉండదు. బాడుగ తక్కువ, గాలి మంచిది, పిల్లలు చదువుకోవడానికి ప్రశాంతం అంటారు. ఆ ప్రశాంతతే రాత్రి షిఫ్టు దిగి ఒంటరిగా నడిచే నర్సుకు భయం.

జనం ఉంటే చాలా అని అడగవచ్చు. చాలదు. బస్టాండు జనం వచ్చిపోయే జనం. ఎవరికీ ఎవరూ తెలియదు. జేబుదొంగకు అనువైన చోటు కూడా అదే. పైగా బ్రాందీ షాపు ముందు గుమిగూడే పాతిక మంది కూడా జనమే. చూడాల్సింది ఎంతమంది ఉన్నారని కాదు, ఎవరున్నారని. ఆ గుంపులో ఆడవాళ్లు ఉన్నారా, ముసలివాళ్లు ఉన్నారా, ఆడుకునే పిల్లలు ఉన్నారా అన్నది గమనించదగ్గ గురుతు. ఆడవాళ్లు పనుండి గబగబా దాటిపోవడం వేరు, నిలబడి కబుర్లు చెప్పుకోవడం వేరు. ముంబయి వీధులను పరిశీలించి 2011లో ముగ్గురు రచయిత్రులు తెచ్చిన 'వై లాయిటర్?' పుస్తకమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. ఏ పనీ లేకుండా ఒక స్త్రీ నిలబడగలిగిన వీధి ఏదో ఆ వీధి ఆమెది.

ఇది చూడాలంటే ఇల్లు చూడడానికి వెళ్లే వేళ మారాలి. మనం ఆదివారం పొద్దున పదకొండింటికి ఇల్లు చూస్తాం. ఆ వేళకు ప్రపంచంలో ప్రతి వీధీ మంచిదే. మనం ఆ ఇంటికి రోజూ చేరే వేళ ఏదో, ఆ వేళకు వెళ్లాలి. కోచింగ్ సెంటరు రాత్రి తొమ్మిదింటికి వదిలితే తొమ్మిదిన్నరకు ఆ వీధి ఎలా ఉందో చూడాలి. బస్సు దిగిన చోటి నుంచి గేటు దాకా నడిచి రావాలి, బ్రోకరు బండి మీద కాదు. వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి, రెండు దీపాల మధ్య చీకటి ఎంత మేర, పాదచారి దారి ఉందా లేక మురికి కాలువ మీద పలకలు లేచిపోయాయా, ఎక్కడైనా అరిస్తే వినపడేంత దూరంలో తెరిచిన తలుపు ఉందా. కెనడాలోని టొరంటోలో 1989లో మహిళా సంఘాలు ఇలాంటి ప్రశ్నల పట్టిక చేతబట్టి రాత్రుళ్లు నడిచాయి. దానికి 'సేఫ్టీ ఆడిట్' అని పేరు పెట్టాయి. 2013లో కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు మొదలుపెట్టిన 'సేఫ్టీపిన్' యాప్ ఢిల్లీ నుంచి అదే పనిని ఫోన్లలోకి తెచ్చింది. వెలుతురు, తెరపి, నడక దారి, బస్సు సౌకర్యం, వీధిలో ఆడవాళ్ల సంఖ్య వంటి తొమ్మిది అంశాలకు మార్కులు వేసే పద్ధతి అది. యాప్ లేకపోయినా ఆ తొమ్మిదీ గుర్తుంటే చాలు. దారి ఇంత ముఖ్యమా అనిపిస్తే, ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ ఢిల్లీ విశ్వవిద్యాలయంలో నాలుగు వేల మందికి పైగా విద్యార్థులను అడిగి తేల్చింది చూడండి. దారి క్షేమంగా ఉంటుందనుకుంటే అమ్మాయిలు మంచి కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీలో చేరడానికి సిద్ధపడుతున్నారు. ప్రయాణానికి అబ్బాయిల కంటే ఏడాదికి దాదాపు 18,800 రూపాయలు ఎక్కువ ఖర్చుపెట్టడానికీ సిద్ధపడుతున్నారు. చీకటి సందు ఒకటి ఒక అమ్మాయి చదువు స్థాయినే మార్చేస్తోంది.

నీళ్ల సంగతికి వస్తే, భద్రత గురించి మాట్లాడేవాళ్లు దాన్ని తలవనే తలవరు. తిరుపతివాళ్లు మాత్రం మరవకూడదు. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన వాన కపిలతీర్థం నుంచి, మాల్వాడి గుండం నుంచి దూకి, ఊరి మధ్యగా నదిని వెతుక్కుంటూ పోవాలి. ఆ దారిలో ఒకప్పుడు కుంటలు, చెరువులు, కాలువలు నీళ్లను నిలిపి, నిదానంగా వదిలేవి. తాతయ్యగుంట, కొర్లగుంట, కేశవాయనగుంట, తుమ్మలగుంట అని ఊళ్లో పేటలకు పేర్లు ఊరికే రాలేదు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాన నీళ్లలో కారు చిక్కుకుని, కర్ణాటక నుంచి కుటుంబంతో వచ్చిన మహిళ ఒకరు చనిపోయారు. వానాకాలంలో ఆ వంతెన కింద ఎలా ఉంటుందో చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు తెలుసు. రాత్రి పూట కొత్తగా ఊళ్లోకి వచ్చినవారికి తెలియదు. నెల తిరగకుండా నవంబరు 18, 19 తేదీల్లో కుండపోత వాన కురిసి కాలనీలకు కాలనీలే మునిగాయి. ఎం.ఆర్.పల్లి ప్రాంతంలోని శ్రీకృష్ణ నగర్‌లో భూమిలోకి దించిన నీళ్ల తొట్టె సిమెంటు వరలు నిలువెత్తును మించి పైకి లేచి నిలబడ్డాయి. చుట్టుపక్కల ఇళ్లు పగుళ్లిచ్చాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకై, కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ వారం మునిగినవాటిలో "మంచి ఏరియాలు" కూడా ఉన్నాయి. నీళ్లకు పిన్‌కోడు తెలియదు, వాలు తెలుసు.

మనవాళ్లు వెళ్లే నగరాల కథా ఇదే. బెంగళూరులో దిగగానే అడుగు పెట్టే మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. చెన్నైలో మనవాళ్లు చీరలకు వెళ్లే టి.నగర్ 1920లలో పూడ్చిన లాంగ్ ట్యాంక్ అనే చెరువు మీద వెలిసింది. 2015 డిసెంబరులో చెన్నైలో వేళచ్చేరి, ముడిచ్చూరు నీళ్లలో నిలబడ్డాయి. 2022 సెప్టెంబరులో బెంగళూరు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు వైపు కోట్ల రూపాయల విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి తెచ్చారు. అందుకే ఇల్లు చూసేటప్పుడు గోడల అడుగున మూడడుగుల ఎత్తున ఒకే గీతలా చెమ్మ మరక ఉందా, కొత్త పెయింటు ఆ ఎత్తు దాకానే వేశారా, వీధి కంటే ఇంటి గడప కిందికి ఉందా అని చూడాలి. ఈ విషయంలో సరిహద్దు జిల్లావాళ్లకు ఒక వరం ఉంది. మనలో చాలామందికి అరవమో కన్నడమో నాలుగు ముక్కలు వస్తాయి. ఇస్త్రీ బండి పెద్దాయనను "మళై వందా తణ్ణి నిక్కుమా?" అనో, "మళె బందరె నీరు నిల్లుత్తా?" అనో అడిగితే, వాన వస్తే నీళ్లు నిలుస్తాయో లేదో, ఏ ఏడాది ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించి మరీ చెబుతాడు. ఇంటి ఓనరు చెప్పడు, ఆయనకు బాడుగ రావాలి. ఇస్త్రీ ఆయనకు ఆ అవసరం లేదు. తిరుపతిలో కొండ పాదాన ఇల్లు తీసుకునేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇక్కడికి చిరుతలు వస్తాయా? యూనివర్సిటీ ప్రాంగణాల దాకా చిరుతలు దిగి వచ్చే ఊరు ఇది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. చెత్త కుప్ప, దాని చుట్టూ కుక్కలు, దాని వెనక తుప్పలు ఉన్న సందు చీకటి పడ్డాక పిల్లలు తిరిగే చోటు కాదు.

ఇప్పుడు తలుపు లోపలికి వద్దాం. 2024 జులైలో బెంగళూరు కోరమంగళలో ఒక మహిళల పీజీలోకి రాత్రి పూట ఒక మనిషి నడుచుకుంటూ లోపలికి పోయి, ఒక యువతిని చంపాడు. కోరమంగళ కంటే "మంచి ఏరియా" అని పేరున్న చోట్లు ఆ నగరంలో కొన్నే. ఆ రాత్రి పేటకున్న పేరు ఆమెను కాపాడలేదు, కాపాడగలిగిందల్లా గేటు దగ్గర ఉండాల్సిన మనిషి. ఆ తర్వాతి నెలలో బెంగళూరు నగరపాలక సంస్థ పీజీలకు నియమాలు పెట్టింది. ట్రేడ్ లైసెన్సు, రాకపోకల దారుల్లో సీసీ కెమెరాలు, ఇరవై నాలుగు గంటలూ కాపలా, మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఉండాలంది. తమిళనాడులో మహిళల, పిల్లల హాస్టళ్ల నియంత్రణకు 2014లోనే చట్టం వచ్చింది. దాని ప్రకారం చెన్నైలో అమ్మాయిల హాస్టలు నడపాలంటే కలెక్టరు ఇచ్చే లైసెన్సు ఉండాలి. "లైసెన్సు చూపిస్తారా?" అని అడగడం అమర్యాద కాదు. చూపించడానికి వెనకాడితే అదే జవాబు. నిప్పు గురించి కూడా అడగాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక లాడ్జి కింద సెల్లారులోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల పొగకు ఎనిమిది మంది పోయారు. 2023 మార్చిలో అదే ఊళ్లో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఊపిరాడక పోయిన ఆరుగురూ వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు. వాళ్ల ఇళ్లలోనూ "ఏరియా మంచిదేనా" అనే అడిగి ఉంటారు. మేడమెట్ల కింద ఏం పెట్టారు, రెండో దారి ఉందా, డాబా తలుపుకు తాళం వేసి ఉంటే చెవి ఎక్కడుంది, కిటికీ కటకటాలకు తెరుచుకునే భాగం ఉందా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అమ్మాయిలు బయటికి పోకూడదని రాత్రి గేటుకు బయటి నుంచి తాళం వేసే హాస్టలును తల్లిదండ్రులు కట్టుదిట్టమైనదని మెచ్చుకుంటారు. మంట లేస్తే ఆ తాళమే ప్రాణాంతకం.

అడ్వాన్సు కూడా భద్రతకు సంబంధించిన విషయమే అంటే వింతగా ఉండొచ్చు. బెంగళూరులో నెలల తరబడి బాడుగ ముందే కట్టించుకునే అలవాటు ఉంది. ఏక మొత్తం ఇచ్చి భోగ్యానికి ఇల్లు తీసుకునే పద్ధతీ ఉంది. అంత డబ్బు ఓనరు చేతిలో పెట్టాక, పైపోర్షన్ మనిషి వేధిస్తున్నా, ఓనరు కొడుకు వేళాపాళా లేకుండా తలుపు తట్టినా, పిల్ల నోరు విప్పదు. "నాన్న అప్పు చేసి కట్టినాడు" అనుకుంటుంది. వదిలి వెళ్లిపోగలగడమే అన్నిటికంటే గట్టి తాళం. అందుకే కొత్త నగరంలో మొదటి రెండు నెలలు నెలవారీ డబ్బు కట్టే హాస్టల్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉండి, ఆ దారుల్లో తిరిగి, ఆ తర్వాత ఇల్లు వెతుక్కోవడం మేలు. ఊరి నుంచి ఫోన్లో ఫోటోలు చూసి అడ్వాన్సు పంపడం ఇప్పుడు మోసగాళ్లకు సులువైన వ్యాపారమైంది. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇదంతా ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్లకు గాని, నాలుగు వేల గదికి మించి పెట్టలేనివాళ్లకు ఎందుకు అన్న ప్రశ్న బలమైనది. దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. శ్రీసిటీలో షిఫ్టు పనికి వచ్చే అమ్మాయి ఆరుగురితో పంచుకునే గదిని తొమ్మిది అంశాల పట్టిక పెట్టి తిరస్కరించలేదు. కానీ ఒకే బాడుగకు దొరికే రెండు గదుల మధ్య తేడా ఉంటుంది. కంపెనీ బస్సు ఆగే చోటికి మూడు నిమిషాల దూరంలోని ఇరుకు గది, పదిహేను నిమిషాల దూరంలోని విశాలమైన గది అని ఉంటే, ఇరుకు గదిని ఎంచుకోమని చెప్పడానికి డబ్బు అక్కర లేదు. పేదవాళ్లకే ఈ లెక్క ఎక్కువ అవసరం. తప్పు ఎంపికను దిద్దుకోవడానికి వాళ్ల దగ్గర రెండో అడ్వాన్సు ఉండదు.

ఇంకా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. జాగ్రత్తలన్నీ వచ్చినవాళ్లకు, అందులోనూ ఆడపిల్లలకు చెబుతున్నామంటే, రేపు ఏదైనా జరిగితే "చూసుకోవాల్సింది కదా" అని వాళ్ల మీదికే నెట్టడానికి దారి వేస్తున్నట్టే కదా? ఆ ప్రమాదం ఉంది. భద్రత పేరుతో బెంగళూరు ఆఫరును కాదనిపించి ఊళ్లోనే పెళ్లి చేసేసిన ఇళ్లు మన జిల్లాలో లెక్కలేనన్ని. నేను చెబుతున్నది వెళ్లవద్దని కాదు, వెళ్లేటప్పుడు కళ్లు ఎటు తిప్పాలన్నది. తప్పు చేసినవాడిది తప్పు. చీకటి వీధిలో నడవడం ఎప్పుడూ తప్పు కాదు. ఆ చీకటి తొలగించే పని నగరపాలక సంస్థది, ఫిర్యాదు తీసుకునే పని పోలీసులది. ఆ హక్కులు కొత్తవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. ఏ నగరంలోనైనా 112కు ఫోన్ చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల భద్రత కోసం 2025 మార్చి 8న మొదలైన శక్తి యాప్ ఉంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "మా పరిధి కాదు" అన్న మాట ఇక చెల్లదు. పండక్కి ఊరికి వెళుతూ ఇంటికి తాళం వేసేవాళ్లకు మన పోలీసులు పెట్టిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ ఉంది. ముందుగా చెబితే ఇంట్లో కెమెరా అమర్చి వెళతారు, డబ్బు తీసుకోరు. ఇన్ని ఏళ్లుగా ఉన్నా దాన్ని అడిగేవాళ్లు కొద్దిమందే.

తిరుపతి పంపించే ఊరే కాదు, పిలిచే ఊరు కూడా. ఇక్కడ బాడుగకిచ్చే ప్రతి ఇల్లూ ఎవరో ఒకరి కూతురికి, కొడుక్కి కొత్త నగరమే. గది చూడడానికి వచ్చిన అమ్మాయిని "ఏమ్మా, మీరేవాళ్లు?" అని కులం ఆరా తీసే బదులు, ఏ వేళకు ఇంటికి చేరుతుందో అడిగి, వీధి చివర బంకు ఆయనకు "మా ఇంట్లో చేరిందబ్బా, చూస్తా ఉండు" అని పరిచయం చేసే ఓనర్లు ఈ ఊళ్లో ఉన్నారు. మరెందరో ఉండొచ్చు. కాంపౌండు గోడ మీద గాజు పెంకులు నాటించే ఖర్చులో పదో వంతు పెడితే గేటు మీద ఒక దీపం వెలుగుతుంది, దాని వెలుతురు రోడ్డు మీద పడుతుంది. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రికి పన్నెండు గంటల చొప్పున నెలంతా వెలిగితే కాలేది మూడు యూనిట్ల పైచిలుకు.